నగర ప్రణాళిక విద్యార్థికి మెంటార్ ఎంపిక: అధికారి, కన్సల్టెంట్, సీనియర్, విశ్రాంత ప్లానర్‌లలో ఎవరు?

నగర ప్రణాళికలో డిగ్రీ అయిన బి.ప్లాన్ నాలుగేళ్లలో గానీ, పీజీ అయిన ఎం.ప్లాన్ రెండేళ్లలో గానీ విద్యార్థి స్టూడియోలో (ప్రాజెక్టు తరగతిలో) తయారుచేసే మాస్టర్ ప్లాన్‌కూ (పట్టణంలో ఏ భూమిని దేనికి వాడాలో చూపే ప్రణాళికకూ), ఒక పురపాలక సంఘంలో నిజంగా అమలయ్యే మాస్టర్ ప్లాన్‌కూ మధ్య చాలా దూరం ఉంటుంది. స్టూడియోలో జ్యూరీ ముందు పటం ఉంచి, ప్రశ్నలకు సమాధానం చెప్పగానే పని ముగుస్తుంది. బయట అదే పటాన్ని ముసాయిదాగా ప్రకటించి, ప్రజల నుంచి అభ్యంతరాలు, సూచనలు స్వీకరించి, ప్రభుత్వ ఆమోదం పొంది, ఆ తరువాత ఏళ్ల తరబడి ఒక్కొక్క సర్వే నంబరు దగ్గర దాన్ని నిలబెట్టుకోవాలి. ఈ రెండో సగం తరగతి గదిలో పట్టుబడదు. ఆ పనిలో ఉన్నవారి పక్కన కూర్చున్నప్పుడే తెలుస్తుంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనో, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనో చదువుతున్న విద్యార్థి ఒక మెంటార్ కావాలని కోరుకోవడానికి ప్రధాన కారణం ఇదే.

అయితే ఈ వృత్తిలో మనుషులు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని రాష్ట్ర టౌన్ ప్లానింగ్ విభాగాలన్నిటిలో కలిపి మంజూరైన ప్లానర్ పోస్టులు నాలుగు వేలలోపే. వాటిలోనూ 42 శాతం అప్పటికి ఖాళీగా ఉన్నాయి. అంటే మీరు ఆశ్రయించబోయే అధికారి తన పనితోపాటు ఇంకొకరి పని కూడా చేస్తూ ఉండే అవకాశం ఎక్కువ. అందువల్ల మెంటార్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన ఎంత పెద్దవారు అనే ప్రశ్న కంటే, మీ పటాన్నీ మీ నివేదికనూ ముందు పెట్టుకొని చదివే తీరిక ఆయనకు ఉందా అనే ప్రశ్న ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ వ్యాసంలోని పోలికలన్నిటికీ ఆ ప్రశ్నే కొలమానం.

ప్రభుత్వ ప్లానర్

ప్రభుత్వంలో ఉన్న ప్లానర్లందరినీ ఒకే గాటన కట్టడం సరికాదు. పురపాలక సంఘం టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసేవారు ఇళ్ల అనుమతులు, లేఅవుట్లు, రోడ్ల విస్తరణ, అక్రమ కట్టడాల వంటి రోజువారీ వ్యవహారాలు చూస్తారు. హైదరాబాద్‌లోని హెచ్‌ఎండీఏ, అమరావతి ప్రాంతంలోని ఏపీసీఆర్‌డీఏ, విశాఖలోని వీఎంఆర్‌డీఏ వంటి అభివృద్ధి సంస్థల్లో ఉన్నవారు మాస్టర్ ప్లాన్లు, భూవినియోగ మార్పిడి, పెద్ద లేఅవుట్ల మీద పనిచేస్తారు. రాష్ట్ర టౌన్ ప్లానింగ్ డైరెక్టరేట్ అయిన డీటీసీపీ కార్యాలయంలో ఉన్నవారికి రాష్ట్రంలోని చిన్న పట్టణాల ప్లాన్లు, సాంకేతిక ఆమోదాలు చేరుతాయి. ఈ ముగ్గురూ మీకు మూడు వేర్వేరు విషయాలు నేర్పుతారు. మొదటిసారి వృత్తిని దగ్గర నుంచి చూడదలచిన విద్యార్థికి నా సలహా పురపాలక సంఘమే, ఎందుకంటే ప్లాన్‌లోని ఒక గీత ఒక కుటుంబం కొనుక్కున్న స్థలం మీదుగా పోతే ఏం జరుగుతుందో అక్కడ మాత్రమే కళ్లకు కడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తెలంగాణలో 2020 నాటి భవన అనుమతుల చట్టం టీఎస్-బీపాస్ 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి అనుమతి అక్కర్లేకుండా నమోదు చేసుకుంటే చాలన్నది. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తులోపు నివాస భవనాలకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇస్తుంది. చదివితే ఇది కేవలం సరళీకరణగా కనిపిస్తుంది. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసే మనిషిని అడిగితే, అనుమతికి ముందు జరిగే పరిశీలన బరువంతా అనుమతి తరువాతి తనిఖీ మీదికి ఎలా మారిందో, ఆ తనిఖీకి ఎంతమంది సిబ్బంది కావాలో, స్వీయ ధ్రువీకరణలో తప్పు దొర్లినప్పుడు ఏ దశలో పట్టుకోగలరో చెబుతారు. ఒక చట్టం కాగితం మీద ఒకలా, సిబ్బంది చేతిలో ఇంకొకలా పనిచేయడమంటే ఏమిటో అప్పుడు అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏర్పడిన వార్డు సచివాలయాల్లోని ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ కూడా ఇలాంటి అవగాహనకు మంచి ఆధారం. విద్యార్థులు ఈ ఉద్యోగిని మెంటార్‌గా ఊహించుకోరు, కానీ తన వార్డులో ఏ వీధి ఎన్ని అడుగులో, ఏ ఇల్లు అనుమతిని మించి ఎంత పైకి లేచిందో ఇంతగా తెలిసినవారు అరుదు.

ప్రభుత్వ ప్లానర్ విషయంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది బదిలీలు. మీ థీసిస్ మధ్యలో ఆయన వేరే ఊరికి వెళ్లిపోవచ్చు. అందుకే ఏడాది పొడవునా సాగే బంధాన్ని ఆశించకుండా, ఒక స్టూడియో ప్రాజెక్టుకు లేదా ఒక వేసవికి పరిమితం చేసుకోవడం మేలు. రెండోది ఇంకా సున్నితమైనది. ప్రకటించని ముసాయిదా ప్లాన్‌లో ఏ గ్రామం నివాస జోన్‌లోకి వస్తుందో, కొత్త రోడ్డు ఎటు మలుపు తిరుగుతుందో అన్న సమాచారానికి బయట భూమి ధర పలుకుతుంది. విద్యార్థి ఇలాంటి వివరాలు అడగకూడదు. కంటబడినా బయటికి చెప్పకూడదు, ఇంట్లో వారికి సైతం. నడుస్తున్న ఫైలుకు బదులు నిర్ణయం అయిపోయిన పాత ఫైలును పాఠంగా చూపించమని మీరే ముందుగా అడిగితే, ఆ అధికారి కూడా నిశ్చింతగా మీతో మాట్లాడగలుగుతారు.

కన్సల్టెంట్

పట్టణ వసతుల కోసం 2015లో మొదలైన కేంద్ర పథకం అమృత్ కింద ఐదు వందల పట్టణాలకు జీఐఎస్ (కంప్యూటర్ పటాల వ్యవస్థ) ఆధారిత మాస్టర్ ప్లాన్లు తలపెట్టినప్పుడు, 1:4000 స్కేలులో భూవినియోగ పటాలు, వాటికి తోడుగా క్షేత్ర పరిశీలనలు, జనాభా అంచనాలు, నివేదికలు సిద్ధం చేసే పనిలో చాలా భాగం కన్సల్టెంట్లకు చేరింది. కాబట్టి ప్లాన్ ఎలా తయారవుతుందన్నది మీ ప్రశ్న అయితే కన్సల్టెంట్ మంచి మెంటార్. టెండరు పత్రం చదవడం, పనిని దశలుగా విడగొట్టడం, ఏ దశలో ఏది అప్పగిస్తే ఎంత చెల్లింపు వస్తుందో లెక్కవేయడం, ఉపగ్రహ చిత్రాన్ని రెవెన్యూ గ్రామ పటంతో సరిపోల్చినప్పుడు సరిహద్దులు కలవకపోతే ఏం చేయాలో తేల్చుకోవడం వంటి నైపుణ్యాలు ఇక్కడ అబ్బినంత వేగంగా మరెక్కడా అబ్బవు. గడువు మీద పడుతున్నప్పుడు రాత మెరుగుపడుతుందన్నది కూడా నిజమే.

అయితే కన్సల్టెంట్‌కు ప్లాన్ జీవితంలో మొదటి సగమే కనిపిస్తుంది. నివేదిక అప్పగించాక ఆయన మరో పట్టణానికి వెళతారు. అభ్యంతరాల విచారణ తరువాతి కథంతా పురపాలక సంఘానిది. కన్సల్టెంట్ దగ్గర మాత్రమే నేర్చుకున్న విద్యార్థి చక్కటి పటాలు గీస్తాడు గానీ, ఆ పటం కోర్టులో నిలబడుతుందా అన్న ఆలోచన అతనికి ఆలస్యంగా వస్తుంది.

ఇంకో జాగ్రత్త అవసరం. మెంటార్ సంబంధం పేరుతో విద్యార్థులను జీతం లేని డిజిటైజేషన్ (పటాన్ని కంప్యూటర్‌లోకి గీతలుగా ఎక్కించే) పనికి వాడుకునే అలవాటు ఈ రంగంలో ఉంది. వారాల తరబడి చెరువులకు, రోడ్లకు గీతలు గీయడం వల్ల చేయి తిరుగుతుంది, ఆలోచన మాత్రం పెరగదు. నేను సూచించే పరీక్ష ఒకటే: మీరు గీసిన పటం వెళ్లే సమావేశానికి మిమ్మల్ని ఒక్కసారైనా తీసుకువెళతారా? తీసుకువెళ్లకపోతే అది మెంటార్ సంబంధం కాదు, ఉద్యోగం. ఉద్యోగమైతే జీతం అడగాలి. మీ థీసిస్‌లోని సర్వే వివరాలు వారి నివేదికలో వాడుకుంటే మీ పేరు ఎక్కడ ఉంటుందో కూడా మొదటి వారంలోనే ఒక ఈ-మెయిల్‌లో తేల్చుకోవాలి.

ఇటీవల చదువు ముగించిన సీనియర్

మీకంటే మూడు నాలుగేళ్ల ముందు అదే కళాశాల నుంచి వెళ్లినవారు అందరికంటే సులువుగా దొరికే మెంటార్లు. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్‌కు ఎలా చదవాలి, పోర్ట్‌ఫోలియోలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఎంత వస్తే ఉద్యోగానికి చాలు, మొదటి జీతం ఎంత అడగాలి వంటి ప్రశ్నలకు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న అధికారి కంటే వీరి సమాధానమే పనికొస్తుంది. తెలుగు మాధ్యమంలో ఇంటర్ వరకు చదివి, ఇంగ్లిష్‌లో నివేదిక రాయడానికి తడబడే విద్యార్థికి తన వాక్యాలను మొహమాటం లేకుండా చూపించగలిగేది కూడా సీనియర్‌కే. ఇక్కడ ఎంపిక కష్టమేమీ కాదు: ఉద్యోగం లేదా పై చదువు మీ తక్షణ ప్రశ్న అయితే సీనియర్‌ను అడగండి. చట్టం, భూమి రికార్డులు, ప్లాన్ అమలు గురించి మాత్రం వారి మాటే తుది మాటగా తీసుకోకండి.

విశ్రాంత ప్లానర్

ఎక్కువమంది విద్యార్థులు తలుపు తట్టనిది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది విశ్రాంత ప్లానర్ సాంగత్యం. ఉద్యోగంలో ఉన్నవారికి లేని రెండు వీరికి ఉంటాయి: సమయం, స్వేచ్ఛగా మాట్లాడగలగడం. బదిలీ భయం లేదు, నడుస్తున్న ఫైళ్ల గోప్యత అడ్డు రాదు. మీ నివేదికను మొదటి పేజీ నుంచి చివరి పట్టిక వరకు చదివి, అంచుల్లో ఎర్ర సిరాతో వ్యాఖ్యలు రాసి ఇచ్చేది సాధారణంగా వీరే.

హైదరాబాద్‌నే తీసుకోండి. స్టూడియోలో పని మొదలుపెట్టిన విద్యార్థికి మొదట ఎదురయ్యే గందరగోళం, ఒకే నగరానికి ఇన్ని ప్లాన్లు ఎందుకున్నాయన్నది. 1975లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) ఏర్పడింది. తరువాత సైబరాబాద్‌కు, విమానాశ్రయ ప్రాంతానికి, హుస్సేన్ సాగర్ చుట్టూ ఉన్న బుద్ధ పూర్ణిమ ప్రాజెక్టుకు వేర్వేరు సంస్థలు వచ్చాయి. 2008లో వీటన్నిటినీ కలిపి హెచ్‌ఎండీఏ చేశారు, కానీ ఒక్కో ప్రాంతానికి అప్పటికే ఉన్న ప్లాన్ దానితోపాటే కొనసాగింది. విస్తరించిన ప్రాంతానికి 2031 మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్ 2013లో వచ్చింది. ఒకే రోడ్డుకు ఇటువైపు ఒక జోనింగ్ (భూవినియోగ) నిబంధన, అటువైపు ఇంకొకటి ఉండటానికి కారణం ఈ చరిత్రే. పాత సంస్థల్లో పనిచేసిన మనిషి ఒక గంటలో ఈ ముడి విప్పగలరు; పత్రాల్లోంచి ఏరుకోవాలంటే ఒక సెమిస్టర్ చాలదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. 1920 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం, 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, 2014 నాటి సీఆర్‌డీఏ చట్టం అనే మూడు వేర్వేరు కాలాల పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చున్నాయో, 2015లో మొదలైన అమరావతి భూ సమీకరణ అంతకుముందున్న భూసేకరణ పద్ధతికి ఏ విధంగా భిన్నమో, రెండు పద్ధతుల్లోనూ రైతులతో మాట్లాడిన మనిషి చెబితే ఆ వివరణకు ఉండే బలం వేరు.

భూమి రికార్డుల విషయంలో వీరి సాయం మరింత అవసరం. పహాణీ, అడంగల్ వంటి సాగు రికార్డులను, టిప్పన్, ఎఫ్ఎంబీ వంటి కొలతల పత్రాలను, గ్రామ పటాన్ని కొత్త తరం ప్లానర్లు కంప్యూటర్ తెర మీద పొరలుగా మాత్రమే చూస్తున్నారు. కాగితం మీది గొలుసు కొలతలను నేల మీద గట్టుతో, రాయితో సరిచూసిన అనుభవం ఉన్నవారు తగ్గిపోతున్నారు. ఈ జ్ఞానం వారితోనే పోకముందే రెండు రాష్ట్రాల విద్యార్థులు వారి దగ్గర కూర్చొని నేర్చుకోవాలన్నది నా విన్నపం.

లోటు లేకపోలేదు. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి వారు చెప్పిన సెట్‌బ్యాక్‌నో (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీనో), రోడ్డు వెడల్పునో ప్రస్తుత జీవోతో సరిచూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ వారి దగ్గర నేర్చుకోలేరు. సైకిల్ దారులు, వాతావరణ మార్పు, బస్సు ప్రాధాన్యం వంటి అంశాల్లో కొందరి దృష్టి రోడ్డు వెడల్పు దగ్గరే ఆగిపోవచ్చు. అక్కడ మర్యాదగా విభేదించి, మీ వాదనను లెక్కలతో ముందుంచండి. నిజమైన మెంటార్ దాన్ని ఇష్టపడతారు.

అధ్యాపకులు, వృత్తి సంఘం, విదేశాల్లోని తెలుగువారు

థీసిస్ గైడ్‌ను మెంటార్‌గా భావించడం సహజమే గానీ, మీకు మార్కులు వేసే వ్యక్తికి మీ తెలియనితనాన్ని పూర్తిగా చెప్పుకోలేరు. గైడ్ ఉన్నా బయటి మెంటార్ ఒకరు ఉండటం మంచిది. ఆ విషయం గైడ్‌కు ముందే తెలియజేయాలి. పరిశోధన వైపు మొగ్గు ఉంటే హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని పట్టణ, పర్యావరణ అధ్యయనాల ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల పనిచేసేవారిని సంప్రదించవచ్చు.

1951లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియాకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రాంతీయ శాఖలు ఉన్నాయి. అక్కడి సమావేశాలు మెంటార్ పరిచయమయ్యే చోటుగా ఎంతో ఉపయోగపడతాయి, ముఖ్యంగా విశ్రాంత ప్లానర్లను కలుసుకోవడానికి. ఒక సంస్థ జతచేసి ఇచ్చే మెంటార్‌కూ, మీరే వెతుక్కున్న మెంటార్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే, కుటుంబంలో ఎవరికీ ఈ వృత్తితో పరిచయం లేని విద్యార్థికి మొదటిదే న్యాయమైనది, ఎందుకంటే పరిచయాలు ఉన్నవారికే మంచి మెంటార్లు దొరికే పరిస్థితిని అది కొంతైనా సరిచేస్తుంది.

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో పనిచేస్తున్న తెలుగు ప్లానర్ల విషయంలో స్పష్టత అవసరం. బహిరంగ విచారణ నిర్వహణ, నివేదిక రచన, గణాంక విశ్లేషణ, అక్కడి విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు వంటివాటికి వారు తగినవారు. మన భూమి రికార్డులకు, మన అనుమతుల వ్యవస్థకు కాదు.

ఏ దశలో ఎవరు

రెండో సంవత్సరంలో ఉన్న విద్యార్థికి ఒక సీనియర్ చాలు. అప్పుడే పెద్ద అధికారి కోసం పరుగెత్తనక్కర్లేదు. మూడో సంవత్సరంలో, పట్టణ స్థాయి స్టూడియో మొదలైనప్పుడు, ఆ పట్టణంలోని టౌన్ ప్లానింగ్ సెక్షన్ ఉద్యోగి ఒకరు, కొద్దినెలల పాటు. వేసవి ఇంటర్న్‌షిప్‌కు కన్సల్టెంట్. చివరి ఏడాది థీసిస్‌కు విశ్రాంత ప్లానర్. సివిల్ ఇంజినీరింగ్ నుంచో, ఆర్కిటెక్చర్ నుంచో ఎం.ప్లాన్‌లోకి వచ్చినవారికి చట్టం, పాలన కొత్త కాబట్టి మొదటి సెమిస్టర్‌లోనే ప్రభుత్వ ప్లానర్‌ను వెతుక్కోవడం అవసరం. పట్టా చేతికొచ్చాక ఉద్యోగానికి ముందు కొంత వ్యవధి ఉంటే, 2020లో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈతో కలిసి ప్రారంభించిన ట్యులిప్ ఇంటర్న్‌షిప్ పథకం కింద పట్టణ స్థానిక సంస్థల్లో ఖాళీలు ఉన్నాయేమో చూడండి. ఒక్కరే అన్నీ నేర్పుతారన్న ఆశ పెట్టుకోకుండా, ఒక దశలో ఇద్దరికి మించకుండా చూసుకుంటే ఎవరి సమయమూ వృథా కాదు.

ఎంపిక తరువాత మొదటి ఉత్తరం కీలకం. "సర్, మీ మార్గదర్శకత్వం కావాలి" అని రాస్తే బిజీగా ఉన్న మనిషికి ఏం జవాబివ్వాలో తెలియదు. దానికి బదులు ఇలా రాయవచ్చు (ఇందులో ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు, బఫర్ అంటే దాని చుట్టూ ఖాళీగా వదిలే స్థలం): "మా స్టూడియో బృందం ప్రతిపాదించిన భూవినియోగ పటంలో ఒక చెరువు ఉంది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలని 2012 నాటి 168వ జీవో చెబుతోంది. మా చెరువు విస్తీర్ణం రెండు రికార్డుల్లో రెండు రకాలుగా ఉంది. ఆచరణలో దేన్ని ప్రమాణంగా తీసుకుంటారో తెలుసుకోవడానికి అరగంట సమయం ఇవ్వగలరా? పటం జతచేశాను." ఇలాంటి ప్రశ్నకు జవాబు ఇవ్వాలని ఏ ప్లానర్‌కైనా అనిపిస్తుంది. ఆ అరగంటలో ఆయన మీ పటం మీద వేలు పెట్టి మాట్లాడారా, లేక తన సర్వీసు విశేషాలు చెప్పి పంపారా అన్నదాన్ని బట్టి రెండోసారి వెళ్లాలో వద్దో నిర్ణయించుకోండి.

కలుసుకునే చోటు కార్యాలయం, కళాశాల లేదా నలుగురు ఉండే గ్రంథాలయం అయి ఉండాలి; విశ్రాంత ప్లానర్ ఇంటికి వెళ్లవలసి వస్తే ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసి వెళ్లాలి. విద్యార్థినులకు ఇది మరింత ముఖ్యం. దీన్ని అడగడానికి మొహమాటపడవలసిన పనిలేదు, కళాశాలే ఈ నియమాన్ని రాతపూర్వకంగా పెట్టాలి. ప్రతి సమావేశం తరువాత ఒక పేజీలోపు, ఏం చర్చించారో, వచ్చేసారికి ఏం సిద్ధం చేస్తారో రాసి మెంటార్‌కు పంపండి. రెండు సమావేశాలు వరుసగా వాయిదా పడి, పంపిన పటాలకు నెల రోజులైనా జవాబు రాకపోతే, కృతజ్ఞతలు చెప్పి మరొకరిని వెతుక్కోవడంలో తప్పు లేదు.

వృత్తిలో ఉన్నవారికీ ఇదే విధమైన ఎంపిక ఉంది. నెలకు ఒక గంట మాత్రమే ఇవ్వగలిగితే ఒకే విద్యార్థిని తీసుకోకుండా, ఒకే పట్టణం మీద పనిచేస్తున్న నలుగురి స్టూడియో బృందాన్ని తీసుకోండి. ఒకరికి చెప్పిన జవాబు నలుగురికి అందుతుంది, మీరు రాలేని నెలలో వారు ఒకరికొకరు చదివిపెట్టుకుంటారు. వారానికి ఒక సాయంత్రం ఇవ్వగలిగినవారు థీసిస్ విద్యార్థిని ఒక్కరినే తీసుకొని, నివేదిక ముసాయిదాలన్నీ చదవండి. కార్యాలయంలో ఆమోదం పొందిన పాత ప్లాన్ ఒకటి, దానిపై వచ్చిన అభ్యంతరాలు, వాటికి ఇచ్చిన జవాబులతో సహా, చట్టం అనుమతించిన మేరకు పక్కన పెట్టుకుంటే, మొదటి సమావేశానికి అంతకంటే మంచి పాఠ్యాంశం అక్కర్లేదు.